పట్టె కడుక్కున్న ఈలపెద్ద

ఆ దిండ్లు కింద పెట్టండి ఇద్దరూ. టీవీలో ఎవరో బంతి తన్నుకుంటే మీరిక్కడ ఒకళ్ళనొకళ్ళు తన్నుకోవడం ఏమిటర్రా? ఆ రిఫరీ మీకేం పాలివాడా, దాయాదా, అన్నేసి మాటలంటున్నారు? ఇలా వచ్చి కూర్చోండి. ఒక కథ చెబుతాను. మధ్యలో అడ్డం వచ్చారంటే ఆపేస్తాను, ముందే చెబుతున్నా.

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో జంతువుల పిల్లలకి రెండు పెద్దబడులు ఉండేవి. ఏటి పక్కనున్నది ఏటిబడి, కొండ మీదున్నది కొండబడి. రెండింటికీ ఉప్పూ నిప్పూ. ఏటిబడి వాళ్ళు నుదుట ఎర్రమట్టి పట్టె పెట్టుకునేవారు. కొండబడి వాళ్ళు తెల్లసుద్ద పట్టె పెట్టుకునేవారు. ఎర్రపట్టెకి తెల్లపట్టె ఎదురైందంటే పలకరింపు లేదు, వెక్కిరింపే.

ఏడాదికోసారి, వానలు తగ్గాక, ఏటికీ కొండకీ మధ్య మైదానంలో ఈ రెండు బడులకీ బంతాట జరిగేది. గెలిస్తే ఏమిస్తారని అడుగుతారేమో, ఏమీ ఇవ్వరు. ఓడినవాళ్ళని ఏడాది పొడుగునా ఏడిపించుకోవచ్చు. ఆ సంబరానికే ప్రాణాలు పెట్టేసేవారు. సమానంగా ఆగిపోతే మాత్రం కిందటేడు గెలిచినవాళ్ళదే మళ్ళీ గెలుపు. మూడేళ్ళుగా ఆ గెలుపు కొండబడిదే. ఏటిబడి వాళ్ళకి తల ఎత్తుకునే దారి లేకుండా పోయింది.

ఆటకి నియమాలు మూడే. బంతికి చెయ్యి తగలకూడదు. తొండం తగలకూడదు. తోక తగలకూడదు. అందుకే కోతులు ఆటలోకి దిగేముందు తోకని నడుముకి చుట్టి ముడేసుకునేవి.

తప్పు జరిగితే ఈల ఊదడానికి ఒకరుండాలి కదా. వాళ్ళని ఈలపెద్ద అనేవారు. ఒక ఏడాది ఏటిబడి ఈలపెద్దని ఇస్తే మరుసటేడు కొండబడి ఇవ్వాలి. ఈలపెద్ద అయినవాళ్ళు ఆటకి ముందు, అందరూ చూస్తుండగా, ఏట్లో తమ పట్టె కడిగేసుకోవాలి. అంటే ఆ పూటకి వాళ్ళు ఏ పక్షమూ కాదన్నమాట. ఆటయ్యాక సొంత బడివాళ్ళే మళ్ళీ పట్టె పెట్టి ఇంటికి తీసుకెళ్ళాలి. పట్టె లేనివాళ్ళకి బడి ముళ్ళకంచె లోపల చోటు లేదు. కంచె బయట చీకటిపడితే చిరుతపులి తిరుగుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఆ ఏడు ఈలపెద్దని ఇచ్చే వంతు ఏటిబడిది. మాణిక్యమ్మ అనే దుప్పిని పంపారు. ఆవిడ ఏటిబడిలో చిన్నపిల్లలకి పరుగు నేర్పేది. పిల్లలంతా ఆవిణ్ణి అత్తా అని పిలిచేవారు. జోగులనే కోతి కుర్రాడికీ ఆవిడే పరుగు నేర్పింది. ఇప్పుడా జోగులు ఏటిబడి జట్టులో అందరికంటే గొప్ప ఆటగాడు.

ఆట మొదలైంది. ఏటిబడి వైపు కేకలు పెట్టించే పెద్ద ఒక అడవిపంది. పేరు సింహాద్రి. పంది పేరు సింహాద్రి ఏమిటని నన్నడక్కండి, వాళ్ళ నాన్ననడగండి. అతను ఒక బండ ఎక్కి, "ఎర్రపట్టె ఎర్రపట్టె, కొండ కొమ్ము విరగ్గొట్టె" అని అరిచేవాడు. వెనకున్న వాళ్ళంతా అందుకునేవారు. అటునుంచి కొండబడి మేకలు, "ఏటిబడి ఏటిబడి, బురదలోన బోర్లబడి" అని బదులిచ్చేవి.

కొండబడి ఒక గోలు వేసింది. ఏటిబడి ఒక గోలు వేసింది. పొద్దు వాలుతోంది. ఇలాగే ఆగిపోతే నాలుగో ఏడూ కొండబడిదే గెలుపు. సింహాద్రి గొంతు బొంగురుపోయింది.

అప్పుడు జోగులు బంతి అందుకున్నాడు. ఒక మేకని తప్పించాడు, ఇంకో మేకని తప్పించాడు. గోలు దగ్గర కొండబడి ఎలుగుబంటి అప్పన్న కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. జోగులు బంతిని గట్టిగా తన్నాడు. ఆ విసురుకి నడుము దగ్గర ముడి జారింది. తోక విడివడి, దాని కొస బంతికి తగిలింది. బంతి అప్పన్నకి అందకుండా పక్కకి తిరిగి గోల్లోకి వెళ్ళిపోయింది.

ఏటిబడి అంతా లేచి గంతులేసింది. ఈల మోగింది.

"తోక తగిలింది. గోలు చెల్లదు," అంది మాణిక్యమ్మ. ఆవిడ జోగులు వెనకాలే పరిగెత్తుతూ ఉంది, కళ్ళారా చూసింది. ఏటిబడి వాళ్ళు కూర్చున్న వైపు నుంచి మాత్రం అది కనబడదు. వాళ్ళకి కనబడింది బంతి గోల్లోకి పోవడం, తమ అత్త ఈల ఊదడం, అంతే.

మైదానం ఒక్కసారిగా కేకలతో నిండిపోయింది. సింహాద్రి బండ మీంచి దూకి లోపలికొచ్చేశాడు. "అత్తా, నువ్వు ఏ ఏటి గడ్డి తింటున్నావు?" అన్నాడు.

"మన ఏటి గడ్డే తింటున్నాను నాయనా. అయినా తగిలిన తోక తగలకుండా పోతుందా?" అంది మాణిక్యమ్మ.

"ఆడినవాణ్ణే అడుగుదాం. చెప్పరా జోగులూ, తగిలిందా నీ తోక?" అన్నాడు సింహాద్రి. ఆ అడగడంలోనే లేదని చెప్పమన్నట్టుంది.

జోగులికి తెలుసు. తోక కొస ఇంకా చురచురమంటూనే ఉంది. మాణిక్యమ్మ అతని వంక చూసింది. జోగులు తల వంచుకుని నేల చూశాడు. అవుననలేదు, కాదనలేదు.

"చూశారా, వాడికి ఏడుపొచ్చేస్తోంది పాపం. సొంత అత్తే గొంతు కోస్తే ఎవరికి రాదు?" అన్నాడు సింహాద్రి. అందరూ కలిసి జోగుల్ని గేదె వీపు మీద కూర్చోబెట్టి ఊరేగించారు. మీరైతే అప్పుడే నిజం చెప్పేసేవారా? ఊరికే తలలూపకండి. వీపు మీద కూర్చున్నవాడికి కిందకి దిగడం అంత తేలిక కాదు.

ఆ గొడవలోనే ఆట సమానంగా ముగిసిపోయింది. గెలుపు మళ్ళీ కొండబడిదే అయ్యింది.

ఇక పట్టె పెట్టాలి. మాణిక్యమ్మ ఏటి ఒడ్డుకొచ్చి నిలబడింది. ఎర్రమట్టి కలిపిన చిప్ప సింహాద్రి ముందుంది. అతను దాన్ని మూతితో ఒక్క నెట్టు నెట్టాడు. మట్టంతా ఏట్లో కలిసిపోయింది.

"ఎవరి కోసం ఈల ఊదావో వాళ్ళ దగ్గరే పెట్టించుకో," అన్నాడు.

ఒక్కరు కూడా ఇదేం పని అనలేదు. పరుగు నేర్పించుకున్న పిల్లలు సైతం పక్కకి తిరిగి నిలబడ్డారు. గేదె మీదనుంచి జోగులు ఇదంతా చూశాడు. చెప్పేద్దామని నోరు తెరిచాడు. కింద అందరూ తన పేరు పెట్టి అరుస్తున్నారు. ఇంటికెళ్ళాక మెల్లగా చెబుతాలే, ఈలోగా వీళ్ళ కోపం చల్లారుతుంది అనుకున్నాడు. మళ్ళీ నోరు మూసుకున్నాడు.

అది చూసి మైదానం వైపు నుంచి అప్పన్న తెల్లసుద్ద పట్టుకుని వచ్చాడు. "అమ్మా, మా పట్టె పెట్టుకో. మా కంచెలో చోటుంది. చీకటి పడుతోంది," అన్నాడు. ఎలుగుబంటి అయినా మనసు మెత్తన.

మాణిక్యమ్మ తల అడ్డంగా ఊపింది. "నీ మంచితనానికి దండం బాబూ. ఇప్పుడు నీ సుద్ద పెట్టుకుంటే, మీ కోసమే ఈల ఊదానని నేనే ఒప్పుకున్నట్టు అవుతుంది. ప్రాణం పోయినా ఆ పని చెయ్యను," అంది.

అప్పన్న ఏం చెయ్యగలడు? వెనక్కి వెనక్కి చూసుకుంటూ కొండెక్కిపోయాడు.

ఏటిబడి వాళ్ళు కంచె లోపలికి వెళ్ళి తలుపు వేసేసుకున్నారు. మాణిక్యమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. "సింహాద్రీ, పొద్దు పోయింది. నా మీద కోపముంటే రేపు పంచాయితీ పెట్టుకుందాం. ఈ రాత్రికి తలుపు తియ్యి నాయనా," అంది. ఆవిడకి భయం వేసింది, ఎందుకు వెయ్యదు?

"పట్టె లేనివాళ్ళకి చోటు లేదు. ఆ కట్టుబాటు నేను పెట్టింది కాదు," అన్నాడు సింహాద్రి. చూశారా, పట్టె పెట్టకుండా ఒలకబోసింది తనే, కట్టుబాటు చెబుతున్నదీ తనే.

అంతలో దూరంగా చిరుత గొంతు వినబడింది. రంపంతో దుంగ కోసినట్టుంటుంది దాని గొంతు. కంచె లోపల అందరూ గప్‌చిప్ అయిపోయారు. బయట మాణిక్యమ్మ గిట్టల చప్పుడు తలుపు దగ్గర్నుంచి ఏటివైపు పరిగెత్తడం వినబడింది.

జోగులు ఇంక తట్టుకోలేకపోయాడు. "తగిలింది," అన్నాడు. ఎవరికీ వినబడలేదు. గట్టిగా అరిచాడు. "నా తోక తగిలింది. ముడి జారింది. అత్త చెప్పిందే నిజం. నాకు అప్పుడే తెలుసు."

అందరూ అతని వంక చూశారు. సింహాద్రి దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, "తెలిస్తే తెలిసింది, నోరు మూసుకో. నీకు తప్ప ఎవరికీ తెలీదు కదా," అన్నాడు.

"అత్తకి తెలుసు," అన్నాడు జోగులు. అని ఒక్క గెంతున కంచె దాటేశాడు.

అతను చెట్లమీంచి కేకలేస్తూ ఏటివైపు వెళ్ళాడు. ముందు గేదె కదిలింది, తలుపు తోసుకుని. గేదె వెనక దుప్పులు, వాటి వెనక మిగతావాళ్ళు. ఆ కేకలు విని కొండ మీంచి అప్పన్న, మేకలు దిగొచ్చారు. అప్పటికే చిరుత మాణిక్యమ్మ వెనక్కాలు పట్టేసింది. గేదె కొమ్ములు వంచి మీదకి పోయింది. అప్పన్న అటునుంచి గుర్రుమన్నాడు. ఎర్రపట్టెల వాళ్ళూ తెల్లపట్టెల వాళ్ళూ కలిసి పెట్టిన గోలకి చిరుత కాలు వదిలేసి పొదల్లోకి పోయింది.

మాణిక్యమ్మ బతికింది. కానీ ఆ కాలు మళ్ళీ సరిగ్గా నిలవలేదు. పరుగు నేర్పే అత్తకి పరుగు పోయింది. జోగులు వెళ్ళి ఆవిడ ముందు కూర్చుని ఏడ్చాడు.

"అడిగినప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది కదరా," అంది ఆవిడ. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని జోగులికి అనిపించింది. ఏటిబడి పిల్లలు ఎర్రమట్టి కలిపి తెచ్చి పట్టె పెట్టారు. ఆవిడ పెట్టించుకుంది. ఈల మాత్రం తీసి వాళ్ళ చేతిలో పెట్టేసింది.

అయిపోయిందనుకున్నారా? ఇంకా ఉంది, కూర్చోండి.

మళ్ళీ ఏడు వచ్చింది. రెండు బడులూ మైదానానికి చేరాయి. ఈలపెద్దని ఇచ్చే వంతు కొండబడిది. ముసలి మేకనడిగారు. "నాకు ఇంటినిండా పిల్లలు, నన్నొదిలెయ్యండి," అంది. అప్పన్ననడిగారు. "ఆ రాత్రి నేను చూశానుగా, నా వల్ల కాదు," అన్నాడు. పోనీ ఏటిబడి నుంచే ఎవరైనా ఈల పట్టండని గేదెనడిగారు. గేదె వినబడనట్టు గడ్డి మేసుకుంటూ ఉండిపోయింది.

బంతి మైదానం మధ్యలో ఉంది. అటు పదకొండుమంది, ఇటు పదకొండుమంది నిలబడి ఉన్నారు. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఆట లేదు.

"ఎవరో ఒకరు పట్టండయ్యా," అని అరిచాడు సింహాద్రి.

"నువ్వే పట్టు," అంది మాణిక్యమ్మ. ఆవిడ కుంటుకుంటూ వచ్చి ఒక పక్కన కూర్చుని ఉంది.

సింహాద్రి అటు చూశాడు, ఇటు చూశాడు.

అప్పుడు జోగులు ఏట్లోకి దిగాడు. నుదుటి పట్టె కడిగేసుకున్నాడు. జట్టువాళ్ళు గొల్లుమన్నారు. "ఒరే, నువ్వు ఆడకపోతే ఓడిపోతాంరా. ఈ ఏడైనా గెలుద్దామనుకున్నాం కదరా," అని బతిమాలారు.

జోగులికి ఆటంటే ప్రాణం. ఒడ్డుకొచ్చేటప్పుడు కాళ్ళు వాటంతటవే బంతివైపు లాగాయి. కళ్ళు తుడుచుకుని ఈల అందుకున్నాడు. "నేను ఆడితే మనం గెలుస్తామేమో. ఇది ఎవరూ పట్టకపోతే అసలు ఆటే ఉండదు," అన్నాడు.

ఆట మొదలైంది. చివరికొచ్చేసరికి ఏటిబడి దుప్పి ఒకటి గోలు వేసింది. ఈల మోగింది.

"చెయ్యి తగిలింది. గోలు చెల్లదు," అన్నాడు జోగులు. ముందుకాలిని చెయ్యి కిందే లెక్కేసేవారులెండి.

ఏటిబడి అంతా లేచి నిలబడింది. సింహాద్రి బండ మీదకెక్కేశాడు. జోగులు ఈల పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు.

సింహాద్రి నోరు తెరిచాడు. మాణిక్యమ్మ కుంటికాలు చాపుకుని ఎదురుగా కూర్చుని ఉంది. అతను చాలాసేపు ఆ కాలివంక చూశాడు. ఆ తర్వాత బండ దిగి కూర్చున్నాడు.

"తగల్లేదు. నా రెండు కళ్ళతో చూశాను," అన్నాడు పక్కనున్న గేదెతో. "రేపు కూడా ఇదే అంటాను. కానీ కూర్చునే అంటాను."

ఆట మళ్ళీ మొదలైంది.

నీతి: తీర్పు నచ్చలేదని తీర్పు చెప్పినవాళ్ళని వెలివేస్తే, రేపు గెలవడానికి ఆటే మిగలదు, నిజం తెలిసీ నోరు మూసుకున్నవాడికీ ఆ పాపంలో వాటా ఉంటుంది.