పల్లకీ ముందు నడిచిన మహారాజు

ఒకానొక రాజ్యంలో, ఆ మాటకొస్తే ముల్లోకాల్లోనూ, మాచనకున్నంత పలుకుబడి ఉన్న కొలువుకాడు మరొకడు లేడు. అతను ఒక్క మాటంటే నిండు సభ లేచి నిలబడేది. అంటే, లేచింది ఒక్కసారే. ఆ రోజు అతనన్న మాట "తేలు".

మిగిలిన రోజుల్లో అతని పని రాజుగారి పక్కన విసనకర్ర పట్టుకుని నడవడం.

ఆ రాజ్యం కొండల మధ్య ఉండేది. అక్కడి మబ్బులకు బొత్తిగా మర్యాద తెలియదు. తెల్లవారగానే కోటలోకి నడిచివచ్చి, సింహాసనం మీద కాసేపు కూర్చుని మరీ వెళ్ళేవి. చూపు ఆనని ముసలి దండనాయకుడు ఒకటి రెండుసార్లు మబ్బుకే దండం పెట్టాడు. రాజు ఉద్దండభూపతికి అది బొత్తిగా నచ్చలేదు. ఆయనకు తన మాట చెల్లడమంటే ప్రాణం. నిద్ర లేవగానే "ఇక సూర్యుడు రావచ్చు" అని సెలవిచ్చేవారు. సూర్యుడు ఆలస్యం చేస్తే ఆ పూటంతా చిరాకు.

వారానికోసారి రాజుగారు పల్లకీలో కొండమీది మండపానికి వెళ్ళేవారు, దారిలో హాయిగా కునుకు తీసేవారు. ఎనిమిదిమంది బోయీలు మోసేవారు. ముందు నడిచే నూకయ్యకు దారి కనిపించేది; వెనకవాళ్ళకు ముందువాడి వీపు కనిపించేది. అందుకని నూకయ్య "రాయి" అంటే వెనకవాళ్ళు "ఓహోం" అని కాలెత్తి వేసేవారు. "జారు" అంటే "ఓహోం" అని వేళ్ళు బిగించేవారు. ఆ మంచులో మనుషులు కనపడక, కేకా బదులూ మాత్రం వినిపిస్తుంటే, కొండే నిద్రలో తనతో తాను మాట్లాడుకుంటున్నట్టుండేది.

ఒకనాడు రాజుగారికి దారిపక్కన ఒక మబ్బు ముచ్చటగా కనిపించింది. ఆపమన్నారు. పల్లకీ ఆగలేదు. మళ్ళీ ఆపమన్నారు. అది నాలుగు బారలు ముందుకు పోయి, నూకయ్య "దించు" అన్నాక దిగింది. ఆపమన్నచోట ఒక పక్క లోయ ఉందని నూకయ్య చెప్పబోయాడు గానీ రాజుగారు వినిపించుకోలేదు.

"మూడువందల ఊళ్ళు మా మాట వింటాయి. మేం కూర్చున్న పల్లకీ మాత్రం నీ మాట వింటుందా?" అన్నారు.

వచ్చే వారం నుంచి కేకలు తామే వేస్తామని అక్కడికక్కడే ఆజ్ఞ వేశారు. పల్లకీ సజావుగా నడిస్తే నూకయ్య అక్కర్లేదు, పెళ్ళాంబిడ్డల్ని తీసుకుని పొలిమేర దాటాలి. తడబడితే అది నూకయ్య నేర్పిన కుట్ర, మండపం దగ్గర కొరడాదెబ్బలు తినాలి.

ఇరవై ఏళ్ళు ఆ దారిని మోసినవాడు నూకయ్య. ఆ సాయంత్రం మాచన దగ్గరికొచ్చి, ఎటు చూసినా తన మెడకే చుట్టుకుందని బాధపడ్డాడు.

"మాచనబాబూ, మారాజుకి నువ్వో మాట చెప్పవా?"

"నా మాట వినాలంటే తేలుండాలి మామా," అన్నాడు మాచన. కానీ ఆ వారమంతా అతను ఎవర్నీ ఆటపట్టించలేదు. అంటే ఆలోచిస్తున్నాడన్నమాట.

ఆ రోజు రానే వచ్చింది. పల్లకీ లేచింది. నూకయ్య బదులు మరొకణ్ణి మోతకు పెట్టారు. నూకయ్య మాత్రం నోరు మూసుకుని అందరికన్నా వెనక నడుస్తున్నాడు. రాజుగారు తెర సందులోంచి ఒక కన్నుతో చూస్తూ "రాయి" అన్నారు. అక్కడ రాయి లేదు. బోయీలు కాళ్ళెత్తారు. రాయి ఉన్నచోట రాజుగారు గొంతు సవరించుకుంటున్నారు. కిరీటం పైకప్పుకు తగిలి చెవుల దాకా దిగింది.

"కుట్ర," అన్నారు రాజుగారు కిరీటం లోపలినుంచి.

మాచన విసనకర్ర చంకలో పెట్టుకుని చేతులు జోడించాడు. లోపం బోయీలది కాదు, ఈ తెరలదని చెప్పాడు. తమంతటివారి ఆజ్ఞను ఒక గుడ్డముక్క అడ్డుకోవడం చూడలేకపోతున్నానన్నాడు. సేనకు ముందు నడిచిన వీరులు పల్లకీకి ముందు నడిస్తే ఈ కొండ ఎలా వింటుందో చూడాలని ఉందన్నాడు.

రాజుగారు దిగారు. వీరుడిలాగే దిగారు. కానీ బరువు లేని పల్లకీ కుదురుగా నిలవలేదు, అటూ ఇటూ ఊగింది. ఎవరైనా లోపల కూర్చోకపోతే లాభం లేదు. మాచన పెద్ద నిట్టూర్పు విడిచి, ప్రభువు కోసం ఆ కష్టం తాను పడతానని పల్లకీ ఎక్కి తెర దించుకున్నాడు.

రాజుగారు ముందు నడిచారు. "అగ్రభాగమున ఎనుబోతంత శిలాఖండము గలదు" అని సెలవిచ్చారు. ఆ మాట పూర్తయ్యేలోపే ముందున్న బోయీ కాలివేలు చిట్లింది. రాజుగారు వెనక్కి తిరిగి ఆ నెత్తురు చూశారు. ఆయన తన బోయీల కాళ్ళు చూడడం అదే మొదటిసారి.

తర్వాతి రాయి దగ్గర "రాయి" అన్నారు. అంతే.

"ఓహోం," అన్నారు ఎనిమిదిమంది.

సభలో జయజయధ్వానాలు ఎన్నో విన్నారు గానీ ఇలాంటి బదులు ఆయన వినలేదు. ఇందులో పొగడ్త లేదు. మంచులో ఎనిమిది ప్రాణాలు తన మాట మీద కాలు వేశాయి. ఇంకో కేక వేశారు. మళ్ళీ "ఓహోం". జారు, గుంత, మలుపు. ఒకచోట ముళ్ళకొమ్మ కనిపిస్తే కేక వేయకుండా తానే వంగి పక్కకు తీసి పారేశారు. కిరీటం అడ్డొస్తే తీసి చంకలో పెట్టుకున్నారు. మబ్బులు ఆయన భుజాల మీదుగా నడిచిపోతున్నాయి. కాలికింద నేల ఉందో లేదో తెలియనంత తేలిగ్గా, కలలో నడిచినట్టు నడిచారు.

మండపం వచ్చింది. "దించు," అన్నారు. పల్లకీ పువ్వులా దిగింది.

అప్పుడు గుర్తొచ్చింది రాజుగారికి, తాను కొండంతా నడిచొచ్చానని. తెర లాగి చూస్తే లోపల మాచన గుర్రుపెడుతున్నాడు.

"లేవరా," అన్నారు. ఆ గొంతుకు బోయీలు రెండడుగులు వెనక్కి వేశారు. "మేం చెప్పులరిగేలా నడిస్తే నీకు నిద్రా? సమాధానం చెప్పు. నచ్చకపోతే నూకయ్యతోపాటు నీకూ కొరడా."

మాచన కళ్ళు నులుముకున్నాడు.

"ప్రభూ, లోయ పక్కన ఊగే పల్లకీలో ఎవరికైనా నిద్ర పడుతుందా? తమరి కేక నమ్మకంగా ఉంది, పట్టేసింది. ఇన్నాళ్ళూ తమరు ఈ దారిలో నిద్రపోయారు కదా. అది ఎవరి కేక నమ్మి?"

రాజుగారి చూపు వెనక నిలబడ్డ నూకయ్య వైపు మళ్ళింది.

"నూకయ్య అక్కర్లేదంటారా, సరే. తమరు వారంవారం ఇలాగే నడవండి. లోపల పడుకోవడానికి నేను సిద్ధం."

రాజుగారు చంకలోని కిరీటం చూసుకున్నారు, దుమ్ముకొట్టుకుపోయిన కాళ్ళు చూసుకున్నారు. ముందు మీసం కదిలింది, తర్వాత పొట్ట కదిలింది. ఆఖరికి మండపం మెట్టు మీద కూలబడి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

నూకయ్యను దగ్గరికి పిలిచి, మళ్ళీ అతని చోటు అతనికిచ్చారు. కొలువులో పై పదవికి ఎవరొచ్చినా ముందు నెల రోజులు నూకయ్య దగ్గర కేకలు నేర్చుకోవాలని ఆజ్ఞ వేశారు. మాచనకు తన శాలువా కప్పి, నాలుగు మాటలు వినదగ్గవాడివని సభలో తన పక్కన ఆసనం ఇచ్చారు.

"రా, ఇద్దరం కలిసి పల్లకీలోనే దిగిపోదాం," అన్నారు.

మాచన కదల్లేదు. నడిచి వస్తానన్నాడు. రాజుగారు ఎందుకని అడిగితే శాలువా అంచు నలుపుతూ నిలబడ్డాడు.

"ప్రభూ, నిద్ర పట్టింది తమరు పొట్టి కేకలు మొదలెట్టాక. అంతకుముందు, ఆ శిలాఖండము దగ్గర, నా కడుపులో తిప్పేసింది. పల్లకీ ఎక్కడం నాకిదే మొదలు. తమరు కూర్చోండి గానీ, ఆ పట్టుదిండు మాత్రం తిరగేయకండి."