గవర్రాజు బూట్ల అడుగు

అనగనగా ఒక అడవిలో, వాగు మలుపు తిరిగే చోట, ఎర్రమట్టి గట్టు కింద ఒక ముంగిసల కుటుంబం కాపురం ఉండేది. బొరియ చిన్నదే. కానీ లోపల నేల చూస్తే ముద్దొచ్చేది. తల్లి ముంగిస మాణిక్యం రోజూ తోకతో ఊడ్చి, ఎండుగడ్డి పరిచి, దాని మీద బూరుగు దూది పరిచేది. ఆ నేల మీదే తినేవాళ్ళు. ఆ నేల మీదే పడుకునేవాళ్ళు. పిల్లలు పుట్టిందీ దాని మీదే. మంచమన్నా, పీటన్నా, కంచమన్నా వాళ్ళకు ఆ నేలే.

బయట అడవి అంత మెత్తగా ఉండదు కదా. గట్టు దిగితే చాలు, పల్లేరు కాయలు. మీరు చూసే ఉంటారు, ఒక్కోటీ శనగ గింజంత ఉంటుంది. ఎలా పడేసినా ఒక ముల్లు పైకే చూస్తూ ఉంటుంది. అందుకని ముంగిసలు మోదుగాకులు మడిచి, నారతో కుట్టుకుని చెప్పులు చేసుకునేవాళ్ళు. బయటికి వెళ్ళేటప్పుడు వేసుకునేవాళ్ళు. తిరిగొచ్చాక బొరియ నోటి దగ్గర విప్పి, వరసగా పెట్టి, కాళ్ళు దులుపుకుని లోపలికి వచ్చేవాళ్ళు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఒక ఎండాకాలం చివర మాణిక్యం తమ్ముడు గవర్రాజు చుట్టపు చూపుగా వచ్చాడు. అతను అడవి అంచున ఒక బంగళా మెట్ల కింద ఉండేవాడు. ఆ బంగళా పిల్లల బొమ్మకు కాలు విరిగితే, బొమ్మను చెత్తకుప్ప మీద పడేశారట. బొమ్మ కాళ్ళకున్న బూట్లు మన గవర్రాజు కాళ్ళకు సరిగ్గా సరిపోయాయి. నల్ల బూట్లు. మెరిసే బూట్లు. కింది నుంచి పైదాకా తాళ్ళు అల్లిన బూట్లు. వాటిని వేసుకుని అతను వెనక కాళ్ళ మీద నిలబడి టకటకమంటూ నడిచొస్తుంటే, దారిలో ఉడుతలు చెట్లు దిగి మరీ చూశాయి.

అదే నడకతో బొరియ లోపలికి వచ్చేశాడు.

మాణిక్యానికి తమ్ముడంటే ప్రాణం. ఎన్నాళ్ళకో వచ్చాడు. అయినా దూది మీద పడిన మట్టి చూసి మనసు ఆగలేదు. బూట్లు విప్పి రారా, కాళ్ళు కడుక్కుందువు గాని అంది. గవర్రాజు ఒక ఆకు తీసుకుని బూట్ల పైభాగం తళతళలాడేలా తుడిచాడు.

"చూడక్కా, నీ మొహం కనపడుతోంది ఇందులో. మీ నేల కన్నా నా బూట్లే శుభ్రం. అయినా ఈ తాళ్ళన్నీ విప్పి మళ్ళీ కట్టేసరికి పొద్దు గూకుతుంది."

బూటులో తన మొహం నిజంగానే కనపడింది. మాణిక్యం తోకతో ఆ మట్టి ఊడ్చేసింది.

మర్నాడు, మాణిక్యం దగ్గరే ఉంటున్న వాళ్ళిద్దరి ముసలి తల్లి నాంచారమ్మ అడిగింది. ఆమెకు చూపు ఆనదు. సాయంత్రం అయ్యేసరికి బొరియ నోటి దగ్గర కూర్చుని, విప్పిన చెప్పులన్నీ తడిమి చూసుకునేది. ఎవరి చెప్పులు చేతికి తగిలితే వాళ్ళు ఇంటికి చేరినట్టు. అందరివీ తగిలాకే నడుం వాల్చేది. నీవి తగలడం లేదురా నాయనా, నువ్వు లోపలున్నావో, ఏ నక్క నోట పడ్డావో నాకెలా తెలుస్తుంది అంది.

గవర్రాజు నవ్వి, నా బూట్ల చప్పుడు వింటే తెలియదా అమ్మా అన్నాడు. ఆమె కోసం అటూ ఇటూ రెండుసార్లు టకటకలాడి చూపించాడు కూడా. పసిపిల్లలిద్దరూ ఉలిక్కిపడి లేచి ఏడ్చారు.

మూడో రోజు బావగారి వంతు. మాణిక్యం భర్త పోతురాజు సూటిగా చెప్పే రకం కాదు. వేళాకోళం ఎక్కువ. గవర్రాజు బూట్లతోనే దూది మీద పడుకోవడం చూసి, పక్కనే ఇంకో గుప్పెడు దూది పరిచాడు.

"బావమరిదీ, నీ బూట్లకు విడిగా పక్క వేశాను. వాటికి దుప్పటి కావాలంటే మొహమాటపడకు."

గవర్రాజుకు చురుక్కుమంది. లేచి కూర్చున్నాడు. బంగళాలో పెద్ద పెద్ద వాళ్ళే బూట్లతో గదులన్నీ తిరుగుతారనీ, అక్కడెవరూ ఇంత రభస చెయ్యరనీ అన్నాడు. మట్టిలో పుట్టి మట్టిలో ఉండేవాళ్ళకు మట్టంటే ఇంత భయమేమిటని దెప్పాడు.

నాంచారమ్మ మూలనుంచి అడిగింది, ఆ బంగళాలో వాళ్ళు అన్నం ఎక్కడ తింటారని. బల్ల మీద అన్నాడు. పడుకునేది ఎక్కడని అడిగింది. మంచం మీద అన్నాడు. "వాళ్ళకు నేల నడిచేందుకు మాత్రమే నాయనా. మనకు నేలే ఇల్లు," అంది ఆమె.

ఆ మాట గవర్రాజు చెవిన పడింది కానీ లోపలికి దిగలేదు. నా బూట్లు అంత బరువైతే నేనే పోతాను లెండి అంటూ మూతి ముడుచుకున్నాడు. దాంతో మాణిక్యం కంగారు పడింది. పుట్టింటి వైపు ఉన్న ఒక్క తమ్ముడు అలిగి పోతాడేమోనని భర్త వైపు కళ్ళతోనే సైగ చేసింది. ఆ తరవాత బూట్ల ఊసు ఎవరూ ఎత్తలేదు. మాణిక్యం మాత్రం తోకతో ఊడ్చిన చోటే మళ్ళీ మళ్ళీ ఊడ్చుకుంటూ ఉండేది.

ఇక సీతాలు సంగతి చెప్పాలి. మాణిక్యం పెద్ద కూతురు సీతాలు. ఆ ఏడాది ఆ పిల్ల మీద ఒక పెద్ద పని పడింది.

ఏటా మొదటి వాన పడగానే వాగు పొంగి బొరియలోకి నీళ్ళొస్తాయి. ఆ లోపు అందరూ పక్కనున్న రాతి గుట్ట ఎక్కి, పైనున్న గుహలో తలదాచుకోవాలి. పసివాళ్ళలో ఒకణ్ణి తల్లి నోట కరుచుకుంటుంది. ఇంకొకణ్ణి తండ్రి కరుచుకుంటాడు. నాంచారమ్మ అల్లుడి తోక పట్టుకుని మెల్లగా ఎక్కుతుంది. సీతాలును మోయడానికి ఎవరి నోరూ ఖాళీ ఉండదు. "ఈసారి నువ్వు నీ కాళ్ళతో ఎక్కాలమ్మా," అని తండ్రి ముందే చెప్పాడు. అది విన్న దగ్గర్నుంచీ సీతాలు బొరియ ఈ కొస నుంచి ఆ కొసకు పరుగులు తీసి కాళ్ళు గట్టి చేసుకుంటోంది. పడితే లేచి మళ్ళీ పరిగెత్తేది. చుట్టం కనుక గవర్రాజుకు ఏ బరువూ పెట్టలేదు. మేనకోడలు పరుగులు చూసి చప్పట్లు కొట్టడమే అతని పని.

మేనమామకు కూడా ఆ పిల్లంటే వల్లమాలిన ప్రేమే. ఒక సాయంత్రం ఆకాశం నల్లబడింది. వాన పట్టేలోగా సీతాలుకు ఏదైనా తేవాలని గవర్రాజు వాగు అవతలి పొదల్లోకి వెళ్ళి, దోర పరిగిపండ్లు కోసుకొచ్చాడు. ఆ పొదల కింద ఎటు చూసినా పల్లేరు కాయలే. అతనికి ఒక్కటీ గుచ్చుకోలేదు. మందపాటి అడుగు కదా. బొరియ నోటి దగ్గర ఆగి, బూట్ల పైభాగం శుభ్రంగా తుడుచుకుని, టకటకమంటూ లోపలికి వచ్చి దూది మీద నిలబడి మేనకోడల్ని పిలిచాడు.

సీతాలు ఆ కొస నుంచి పరిగెత్తుకొచ్చింది. మామ నిలబడ్డ చోటికి చేరుతూనే కెవ్వున అరిచి కూలబడింది.

ముందరి కాలి అరికాల్లో పల్లేరు ముల్లు దిగింది. మాణిక్యం పళ్ళతో లాగబోతే కాయ ఊడి వచ్చింది, ముల్లు లోపలే విరిగింది. తెల్లవారేసరికి కాలు వాచి వంకాయలా తయారైంది. నేల మీద ఆనించలేకపోతోంది. బయట వాన మొదలైంది. వాగు హోరు బొరియ లోపలికి వినపడుతోంది.

ఇంట్లోకి ముల్లు ఎలా వచ్చిందని పోతురాజు అడిగాడు. ఈసారి వేళాకోళం లేదు. గవర్రాజు వెంటనే, నేనూ ఇక్కడే నడిచాను, నాకేం గుచ్చుకోలేదే అన్నాడు. అతను అబద్ధమేమీ ఆడలేదు. తనకు గుచ్చుకోలేదు కాబట్టి ముల్లు లేదనే అతని నమ్మకం.

సీతాలు నేల మీద పడుకుని ఉంది. పెద్దవాళ్ళకు బూట్ల పైభాగం కనపడుతుంది. పడుకున్న పిల్లకు కనపడేది వేరు.

"మామా, నీ బూటు కింద ఇంకా ఉన్నాయి," అంది.

గవర్రాజు కాలెత్తి చూసుకున్నాడు. ఇన్నాళ్ళలో అతను బూట్ల అడుగు చూడటం అదే మొదటిసారి. అడుగునున్న గాడుల నిండా పల్లేరు కాయలు ఇరుక్కుని ఉన్నాయి. వాటి సందుల్లో బురద, మేక పెంటికలు, ఎప్పటిదో చచ్చిన గండుచీమ. రెండో బూటూ అంతే. తళతళలాడే పైభాగం కింద ఇదంతా మోసుకుంటూ, పసిపిల్లల పక్క మీద తిరిగాడన్నమాట. ఎవరూ తిట్టలేదు. తిట్టే తీరిక ఎక్కడిది, బొరియ నోట్లోకి ఎర్రనీళ్ళు వచ్చేశాయి.

మాణిక్యం ఒక పసివాణ్ణి నోట కరుచుకుంది. పోతురాజు ఇంకొకణ్ణి అందుకున్నాడు. నాంచారమ్మ అల్లుడి తోక పట్టుకుంది. మాణిక్యం సీతాలు వైపు చూసింది, నోట్లో ఉన్న పసివాడి వైపు చూసుకుంది. కాలు కదపలేకపోయింది.

మీరు నడవండి, సీతాలును నేను తెస్తానన్నాడు గవర్రాజు.

మెడ దగ్గర మెల్లగా కరుచుకుని బయటికి వచ్చాడు. గట్టు బంకమట్టి అప్పటికే నానిపోయింది. బూటు మోపితే జారింది. రెండోది మోపితే అదీ జారింది. సీతాలుతో సహా వెనక్కి జారి, నడుం లోతు నీళ్ళలో పడ్డాడు. బూట్లలో నీళ్ళు నిండి కాళ్ళు రాళ్ళలా బరువెక్కాయి. పిల్ల బిక్కచచ్చి అతని మెడ పట్టుకుని వేలాడుతోంది.

ఆమెను ఒక వేరు మీద కూర్చోబెట్టి, తాళ్ళు విప్పబోయాడు. తడిసిన ముడులు బిగుసుకుపోయాయి. గోళ్ళకు లొంగడం లేదు. నీళ్ళు వేరు దాకా వచ్చాయి. అప్పుడు గవర్రాజు ఇంక ఆలోచించలేదు. ఎంతో మురిపెంగా రోజూ కట్టుకున్న ఆ తాళ్ళను పళ్ళతో పుటుక్కు పుటుక్కున కొరికేశాడు. బూట్లు ఊడి వాగులో పడ్డాయి. కొట్టుకుపోతుంటే అటు తిరిగి కూడా చూడలేదు.

వట్టి కాళ్ళ గోళ్ళు బంకమట్టిలో దిగాయి. పట్టు దొరికింది. పిల్లను కరుచుకుని ఎక్కాడు. గట్టు దాటితే గుట్ట దాకా పల్లేరు నేల. బూట్లలో ఉండి ఉండి అతని అరికాళ్ళు పసిపిల్లల అరికాళ్ళలా మెత్తబడ్డాయి. ప్రతి అడుగుకూ ముల్లు దిగింది. నోట్లో పిల్ల ఉంది కాబట్టి అరవడానికి కూడా లేదు. ఎన్నిసార్లు గుచ్చుకుందో అన్నిసార్లూ ముందురోజు సాయంత్రం సీతాలు పెట్టిన కేక అతని చెవుల్లో వినపడింది.

గుట్ట మీద గుహ దగ్గర మాణిక్యం పసివాణ్ణి దించి, తిరిగి కిందికి పరిగెత్తబోతోంది. అంతలో తమ్ముడు కుంటుకుంటూ ఎదురొచ్చాడు. కూతుర్ని అందుకుని గుండెకు హత్తుకుంది.

గుహలో నేలంతా రాయి. ఊడ్చింది లేదు, పరిచింది లేదు. అక్కడ ఏ పద్ధతీ లేదు, ఎవరూ ఏమీ అనరు. అయినా గవర్రాజు లోపలికి రాలేదు. అంచు దగ్గరే వానలో కూర్చుని, బురద కాళ్ళు ముందుకు చాపాడు. వాన ధార కింద ఒక్కో కాలూ రుద్ది కడుక్కున్నాడు. మాణిక్యం పక్కన వచ్చి కూర్చుంది.

"నాదీ తప్పుందిరా. నువ్వు అలుగుతావని ఊరుకున్నాను. పిల్లల పక్క కన్నా నీ అలక ముఖ్యమనుకున్నాను."

"నువ్వు చెప్పావక్కా. నేనే పైభాగం తుడిచి చూపించాను," అన్నాడు గవర్రాజు.

వాన తగ్గేదాకా సీతాలు కాలికి నాంచారమ్మ నమిలిన ఆకు పసరు వేసి కట్టింది. రెండు రోజులకు విరిగిన ముల్లు చీముతో పాటు బయటికి వచ్చింది. అంతకు ముందే సీతాలు ఇంకో పని పెట్టుకుంది. మామ అరికాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, చిన్న పళ్ళతో ఒక్కో ముల్లూ లాగడం. నొప్పికి అతను మూలిగితే, కదలకు మామా, నేను కదిలానా అని గదమాయించేది. పోతురాజుకు వేళాకోళం తిరిగొచ్చింది. బావమరిదీ, బూట్లు లేకపోయినా నీ కాళ్ళకు పక్క వెయ్యాల్సి వస్తోందే అన్నాడు. ఈసారి గవర్రాజే ముందు నవ్వాడు.

వాగు పొంగు తీశాక అందరూ దిగి, ఎర్రమట్టి గట్టుకు కొత్త బొరియ తవ్వుకున్నారు. మాణిక్యం మళ్ళీ గడ్డి పరిచింది, దూది పరిచింది. గవర్రాజు బంగళాకు తిరిగి వెళ్ళే ముందు మోదుగాకులతో చెప్పులు కుట్టడం నేర్చుకున్నాడు. కుట్లు వంకరగా వచ్చాయి. ఒక చెప్పు పెద్దది, ఒకటి చిన్నది. బయట తిరగడానికి మాత్రం భేషుగ్గా పనికొచ్చాయి.

చెప్పులు కుట్టిన రోజు సాయంత్రం వాటిని వేసుకుని అడవంతా తిరిగొచ్చి, బొరియ నోటి దగ్గర విప్పి పెట్టాడు. కాళ్ళు దులుపుకున్నాడు. లోపలి నుంచి సీతాలు పరిగెత్తుకొచ్చింది. వాచిన కాలు నయమై, పరుగు మునుపటి కన్నా చురుగ్గా ఉంది. ఆ పిల్ల అడగకముందే గవర్రాజు కూర్చుని, రెండు అరికాళ్ళూ ఎత్తి చూపించాడు. సీతాలు వంగి, ఒక్కో వేలి సందూ పెద్దమనిషి తరహాలో పరీక్షగా చూసింది. తరవాత పక్కకు జరిగి దారి ఇచ్చింది.

"ఇప్పుడు రా మామా," అంది.

నీతి: బయట మనకు అంటుకున్నది మనకు గుచ్చుకోకపోవచ్చు, ఇంట్లో మెత్తటి కాళ్ళవాళ్ళకు గుచ్చుకుంటుంది, దాన్ని గడప బయటే విడిచి లోపలికి రావాలి.