రాగి గొట్టానికి పట్టిన చెమట

అబ్బులు మాస్టారిని ఏదైనా అడిగినవాళ్ళకి వెంటనే జవాబు దొరికేది కాదు. ముందు ఏదో ఒక పని చేతికి వచ్చేది. ఆయన ఐ.టి.ఐ.లో ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచెయ్యడం నేర్పి రిటైరైన మనిషి. నరసాపురంలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ స్క్రూడ్రైవరు పట్టినవాళ్ళలో సగంమంది ఆయన చేత తిట్లు తిన్నవాళ్ళే. ఆయన రిటైరయ్యాక కూడా ఇంటి వెనక ఉన్న రేకుల షెడ్డుకి వాళ్ళు వస్తూనే ఉండేవారు. పనిలో వచ్చిన సందేహాలు తెచ్చేవారు, ఇంట్లో వచ్చిన సందేహాలూ తెచ్చేవారు. మాస్టారు రెండింటినీ ఒకలాగే వినేవారు. "అలాగా" అని ఒక్క మాట అని, "ఆ మూలనున్న కంప్రెసరు ఇలా జరుపు" అనేవారు. జరిపినవాడు సాయంత్రానికి జవాబు తీసుకుని ఇంటికి వెళ్ళేవాడని చెప్పుకుంటారు. నడుంనొప్పి తీసుకుని వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక పొద్దున ఏడుకొండలు వచ్చాడు. అందరూ కొండలు అంటారు. ఫ్రిజ్ మెకానిక్కు. మాస్టారి శిష్యుల్లో నెమ్మదస్తుడని పేరు తెచ్చుకున్నవాడు. స్టూలు మీద కూర్చుని చేతిలో తువ్వాలు మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"మాస్టారూ, పెళ్ళయి ఇన్నేళ్ళయింది. తాయారు మీద నేను ఒక్కసారి కూడా గొంతు పెంచలేదండి. ఆవిడ అరిచినా నేను అరవను. 'సరే, నీ ఇష్టం' అని ఊరుకుంటాను. అయినా ఎప్పుడు చూసినా ఏడుస్తూనే ఉంటుందండి. ఆదివారం వాళ్ళన్నయ్య తణుకు నుంచి వస్తున్నాడు. ఆయనతో వెళ్ళిపోతానంటోంది. మళ్ళీ వస్తానన్న మాట ఆవిడ నోట్లోంచి రావట్లేదు. ఇందులో నా తప్పేంటండి?"

మాస్టారు కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నారు. "వెళ్ళిపోతానన్నప్పుడు నువ్వేమన్నావు?"

"సరే, నీ ఇష్టం అన్నానండి."

"అలాగా," అన్నారు మాస్టారు. "ఇంతకీ మీ ఆవిడ కంప్యూటరు వేడెక్కి ఆగిపోతోందని మొన్నామధ్య చెప్పావు. దాని సంగతేం చేశావు?"

కొండలుకి మనసు చివుక్కుమంది. ఇల్లు కూలిపోతోందని చెప్పుకోడానికి వస్తే కంప్యూటరు సంగతి అడుగుతారేమిటి ఈయన? అయినా అలవాటు కొద్దీ జవాబు చెప్పాడు. తాయారు ఇంటి ముందుగదిలో పెళ్ళి వీడియోల మిక్సింగ్ చేస్తుంది. ముహూర్తాల రోజుల్లో ఊపిరాడదు. పెళ్ళివాళ్ళు ఒకటే ఫోన్లు. పని తొందరగా తెమలాలని ఆ కంప్యూటరు లోపలి వేగాన్ని కంపెనీవాడు పెట్టినదాని కన్నా బాగా పెంచి నడుపుతోంది. ఓవర్‌క్లాకింగ్ అంటారు దాన్ని. పెంచితే కాసేపు గుర్రంలా పరిగెడుతుంది. తర్వాత లోపలి చిప్పు కాలిపోయేంత వేడెక్కి, జీలకర్ర బెల్లం దగ్గర సగంలో ఆగిపోతుంది. టేబుల్ ఫ్యాను పెట్టింది, చాల్లేదు. పక్కన గిన్నెలో ఐసు కూడా పెట్టి చూసింది.

"ఫ్యాను గాలితో పోయే వేడి కాదది. నీళ్ళు తిప్పి చల్లబరచాలి," అన్నారు మాస్టారు. "పద, నీళ్ళని చల్లబరిచే చిల్లరు ఒకటి మనమే కట్టేద్దాం. ఆ పాత ఫ్రిజ్జు ఇలా లాగు."

ఆ వారమంతా కొండలు షెడ్డులోనే ఉన్నాడు. పాత ఫ్రిజ్జులోంచి కంప్రెసరునీ, చల్లదనమిచ్చే రాగి చుట్టనీ జాగ్రత్తగా విప్పారు. రొయ్యలు ప్యాకింగ్ చేసే థర్మోకోల్ పెట్టె ఒకటి కడిగి ఆరబెట్టి, రాగి చుట్టని అందులో దింపారు. పెట్టెలో నీళ్ళు పోసి, గడ్డకట్టకుండా లారీ రేడియేటర్లలో పోసే ఆకుపచ్చ కూలెంటు కలిపారు. చేపల తొట్టి మోటారు ఆ నీళ్ళని గొట్టంలోకి తోస్తుంది. గొట్టం వెళ్ళి ఒక రాగి దిమ్మకి కలుస్తుంది. ఆ దిమ్మ వెళ్ళి కంప్యూటరు చిప్పు నెత్తిమీద కూర్చుంటుంది. చల్లటి నీళ్ళు అక్కడి వేడిని ఎత్తుకుని తిరిగి పెట్టెలోకి వస్తాయి. చెప్పుకోడానికి ఇంతే. ఆ రాగి దిమ్మని మాత్రం కొండలు ఎంతసేపు అరగదీశాడో లెక్కలేదు. తాయారు వంగి చూస్తే ఆవిడ ముఖం అందులో కనిపించేటంత నున్నగా చేశాడు. ఎందుకింత మెరుపు అని మాస్టారు అడగలేదు. అడిగి ఉంటే కొండలుకి చెప్పడం వచ్చేదీ కాదు.

గ్యాసు నింపి మొదటిసారి నడిపి చూసినప్పుడు బయటికొచ్చే పైపు మీద సన్నగా నీటి బొట్లు కట్టాయి. కొండలు ముఖం విప్పారింది. "పైపు చెమట పట్టింది మాస్టారూ!" అని కేకేశాడు. ఫ్రిజ్జులు బాగుచేసేవాళ్ళకి అదొక శకునం. గ్యాసు నింపాక చేత్తో పైపు తడిమి చూస్తారు. చల్లగా చెమట తగిలితే పని కుదిరిందని లెక్క. అది చూసే సామాన్లు సర్దుకుంటారు. ఆ శకునం చూడ్డం కొండలుకి నేర్పింది కూడా మాస్టారే. ఆయన ఆ పైపు వంక చూసి, "పట్టింది," అని మాత్రం అన్నారు.

ఆదివారం పొద్దున్నే చిల్లరుని ఆటోలో ఎక్కించుకుని ఇద్దరూ కొండలు ఇంటికి వెళ్ళారు. గుమ్మం పక్కన తాయారు బట్టల పెట్టె సర్ది ఉంది. ఆవిడ చీర మార్చుకుని, జడ వేసుకుని, అన్నయ్య కోసం చూస్తోంది. కంప్రెసరు దింపుతుంటే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ప్రయాణమయ్యేవాళ్ళకి పులిహోర కట్టి ఇస్తారు గానీ, ఫ్రిజ్జు కట్టి ఇస్తారటండీ ఎవరైనా?" అంది. "మాస్టారు ఉన్నారని ఊరుకుంటున్నాను."

"ఊరుకోకమ్మా. నాకోసం ఊరుకోవద్దు," అన్నారు మాస్టారు.

కంప్యూటరు డబ్బా మూత తీసి, దాన్ని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. కొండలు రాగి దిమ్మని చిప్పు మీద అమర్చాడు. తాయారు దాని మెరుపు చూసి, కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. మాస్టారికి కూడా కుర్చీ వేశారు. ఆయన కూర్చోలేదు. గోడనున్న స్విచ్చుబోర్డు పక్కనే, దాని మీద చెయ్యి వేసి నిలబడ్డారు. కొండలు చిల్లరు నాబ్‌ని చివరి అంకె దాకా తిప్పేశాడు. ఎంత చల్లగా ఉంటే తాయారుకి అంత మంచిదని అతని ఆలోచన. తాయారు కంప్యూటరు వేగం పెంచి, మొగల్తూరు పెళ్ళిని మిక్సింగ్‌లో పెట్టింది. తెర మీద గీత సర్రున జరగడం మొదలుపెట్టింది.

"అమ్మో! పరిగెడుతోందండీ!" అని పకాలుమని నవ్వింది. ఆ నవ్వు విని కొండలు ఎంత కాలమైందో. "ఇదిగో, తలంబ్రాలు కూడా దాటిపోయింది! ఇదేంటండి బాబూ, పెళ్ళికొడుకు ఇంత తొందరపడుతున్నాడు!"

ఆ నవ్వు ఇంకా గదిలో ఉండగానే మాస్టారి చెయ్యి స్విచ్చు ఆపేసింది. తెర నల్లబడిపోయింది. తాయారు వంగి చూస్తే రాగి దిమ్మ చుట్టూ బొట్లు బొట్లుగా నీళ్ళు. ఒక బొట్టు జారి కింద బోర్డు మీద పడి ఉంది.

"నీళ్ళు! నా మిషన్లో నీళ్ళు పోసేశారు!"

కొండలు గొట్టం వెంబడి ప్రతి క్లిప్పునీ వేళ్ళతో నొక్కి చూశాడు. ప్రతి అతుకునీ గుడ్డతో తుడిచి చూశాడు. అన్నీ బిగుతుగానే ఉన్నాయి. "ఎక్కడా కారట్లేదు," అన్నాడు, ఎప్పుడూ మాట్లాడే ఆ నింపాది గొంతుతోనే. "నా పనిలో తప్పు లేదు."

"అయితే నేను పోశానా?"

"నేనలా అనలేదు."

"అనరు. మీరెప్పుడేమన్నారు గనక! ఎక్కడ వెతికినా మీ దగ్గర తప్పు దొరకదు. గోడతో కాపురం చేస్తున్నట్టుందండీ నాకు!"

"సరే," అన్నాడు కొండలు.

తాయారుకి కళ్ళమ్మట నీళ్ళు వచ్చేశాయి. అయినా బతుకుతెరువు ఆ మిషన్లో ఉంది కాబట్టి, ఏడుస్తూనే కొంగు చివరతో బోర్డు మీది బొట్టుని అద్దింది. అద్దిన కొంగు వంక చూసి ఆగింది. రాగి దిమ్మ మీది ఇంకో బొట్టుని వేలితో తీసి వెలుతురుకి పట్టింది. "అదేంటి, మీరు పెట్టెలో పోసింది ఆకుపచ్చ నీళ్ళు కదా. ఇవి తేటగా ఉన్నాయేంటి?"

కొండలు ఆ వేలి కొసని చూశాడు. పెట్టెలోని పచ్చటి నీళ్ళని చూశాడు. తర్వాత మాస్టారి వైపు తిరిగాడు. "ఇవి లోపలి నీళ్ళు కావండి. చెమట. మీరే కదండీ నేర్పారు, చెమట పడితే పని బాగా కుదిరినట్టేనని?"

"నేనే నేర్పాను," అన్నారు మాస్టారు. "ఫ్రిజ్జు పైపు కింద ఉండేది ఉత్త నేల, కొండలూ. చెమట పట్టినా, బొట్టు కారినా అక్కడ ఎవరికీ ఏమీ కాదు. ఇది వేరే చోటు."

"మరి నీళ్ళు..."

"గాలిలోవి. ఈ గదిలో మనం విడిచే ఊపిరిలోవి. గొట్టం మంచిదే, ఎక్కడా చిల్లు లేదు, నీ మాట నిజమే. ఉక్కలో ఉన్న గాలి వచ్చి ఆ రాగిని ఆనుకుంది. అది మరీ చల్లగా ఉంది. అంతే జరిగింది."

కొండలు చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. పక్కన తాయారు కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. అతను ఆవిడ వంక చాలాసేపు చూశాడు. ఆవిడ "ఏంటి?" అంది. అతను తల అడ్డంగా ఊపాడు.

సరిగ్గా అప్పుడే బయట మోటారుసైకిలు ఆగింది. తాయారు అన్నయ్య భీమేశ్వరరావు లోపలికి వచ్చాడు. పెద్దమనిషి, గొడవలు పడని మనిషి. చెప్పులు విడుస్తూనే పెట్టె వంక చూశాడు. "బావగారూ, చెల్లాయిని కొన్నాళ్ళు మా ఇంట్లో ఉంచుకుంటాను. మీకేమీ అభ్యంతరం లేదు కదా?"

ఎప్పుడూ వచ్చే 'సరే' అన్న మాట కొండలు నాలుక చివరకి రానే వచ్చింది. తాయారు ఆ మాట కోసం తల దించుకుని ఎదురుచూస్తోంది. అతను దాన్ని మింగేశాడు. మింగాక లోపల ఇంకేముందో అతనికే తెలియలేదు.

"ఉంది," అన్నాడు. గొంతు కీచుమంది. మళ్ళీ అన్నాడు, ఈసారి వీధిలోకి వినపడేలా. "అభ్యంతరం ఉంది! ఎందుకుండదు? నాకు కోపంగా ఉంది! నాతో తేల్చుకోకుండా మీకు ఫోన్ చేసినందుకు కోపం! వెళ్ళిపోతానంటే నాకు అన్నం సయించట్లేదు, ఎవరికి చెప్పుకోను? ఆ పెట్టె ముందు గుమ్మంలోంచి తియ్యి తాయారూ! దాన్ని చూస్తుంటే నాకు వణుకొస్తోంది!"

ఎదురింటి కిటికీ రెక్క తెరుచుకుంది. "వాళ్ళు వింటున్నారండీ," అంది తాయారు మెల్లిగా.

"విననీ!"

తాయారు అతన్ని కొత్తగా ఇంటికొచ్చిన మనిషిని చూసినట్టు చూసింది. "ఇన్నేళ్ళూ ఈ గొంతు ఎక్కడ దాచారండీ?" అంది. అని ఊరుకుందా, ఊరుకోలేదు. తనూ గొంతు పెంచింది. తన అక్క కూతురి పెళ్ళికి అతను రాకపోవడం దగ్గర మొదలుపెట్టింది. అతను వేసవిలో తను పడే తిరుగుడు ఎత్తాడు. ఆవిడ చారులో ఉప్పు తక్కువైనా నోరు విప్పడని దెప్పింది. ఉప్పు తక్కువని ఇప్పుడు చెప్పాడు, మొన్నటిదీ నిన్నటిదీ కలిపి. భీమేశ్వరరావు మాస్టారికి వేసిన కుర్చీలో మెల్లగా కూలబడి, "మాస్టారూ, నన్నెందుకు పిలిచినట్టండీ?" అని అడిగాడు. "మజ్జిగ తాగుతారేమో కనుక్కుందాం," అన్నారు మాస్టారు.

మజ్జిగే కాదు, భోజనం కూడా అయింది. చారులో ఉప్పు ఎక్కువైంది. అందరూ మాట్లాడకుండా తిన్నారు. కొండలు మాత్రం ఎక్కువైందని పైకే చెప్పి, రెండోసారి వేయించుకున్నాడు. చేతులు కడుక్కుని వచ్చాక తాయారు గుమ్మం పక్కనున్న పెట్టెని కాలితో మంచం కిందకి నెట్టేసింది. భీమేశ్వరరావు ఒక్కడే తిరుగు ప్రయాణమయ్యాడు. వెళ్ళేముందు బావ భుజం తట్టి, "అరవండి బావగారూ, ఆరోగ్యానికి మంచిది," అన్నాడు.

పొద్దు వాలేదాకా బోర్డుని డాబా మీద ఎండలో ఆరబెట్టారు. మళ్ళీ బిగించి స్విచ్చు వేస్తే తెర వెలిగింది. ఆగిన చోటి నుంచే పెళ్ళి మళ్ళీ మొదలైంది. కొండలు గొట్టానికి, రాగి దిమ్మకి స్పాంజి చుట్టాడు. నాబ్ మీద చెయ్యి వేశాడు గానీ తిప్పలేదు. ఉక్కగా ఉంది. లోపలి నుంచి తాయారు గిన్నెలు తోముతున్న చప్పుడు, మధ్యమధ్య ఎవరినో ఏదో అంటున్న మాట వినపడుతున్నాయి.

"ఎంతలో పెట్టమంటారు మాస్టారూ?" అని అడిగాడు.

మాస్టారు అప్పటికే గుమ్మం దిగి చెప్పులు వేసుకుంటున్నారు. వెనక్కి తిరక్కుండానే అన్నారు.

"నన్నేం అడుగుతావురా. గదిని అడుగు."