ఓబులు నడిపిన గట్టు

అప్పుడెప్పుడో, పొలాలకు సర్వే రాళ్లు పాతని కాలం. దున్నేవాడిదే భూమి అని ఎవరూ గోడల మీద రాయని కాలం. ఆ కాలంలో, ఒక ఊళ్లో, ఓబులు అనే కూలివాడు ఉండేవాడు.

ఓబులు గట్లు చెక్కేవాడు. తొలకరి పడగానే పార భుజాన వేసుకుని బయలుదేరేవాడు. గడ్డి చెక్కి, బురద మెత్తి, అరచేత్తో నిమిరితే గట్టు నున్నగా మెరిసేది. ఆ పనిలో అతణ్ణి మించినవాడు లేడు. అయినా అతణ్ణి ఎవరూ ఎప్పుడూ కూర్చోమనలేదు. కూలివాడు నిలబడే తాగాలి, నిలబడే తినాలి, నిలబడే ముసలివాడు కావాలి. అదీ ఆ ఊరి ధర్మం. ఆ ధర్మాన్ని పెట్టినవాళ్లంతా కూర్చునే పెట్టారు.

ఒక తొలకరి నాడు శేషప్ప దొర అతణ్ణి పిలిచాడు.

"రారా ఓబులూ, అరుగు మీద కూర్చో."

ఓబులు వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినో పిలుస్తున్నాడేమోనని. దొర నవ్వి, తన చేత్తోనే చెంబెడు మజ్జిగ పోశాడు. "నీ చేతిలో విద్య ఉందిరా" అన్నాడు. ఆ తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు అన్నాడు: "సుంకులమ్మ మడికీ నా మడికీ మధ్య గట్టు కాస్త నా వైపు వంగినట్టుంది. సరిచెయ్."

సుంకులమ్మ మొగుడు పోయిన ముసలిది. ఆమెకున్నది ఆ ఒక్క మడి.

ఓబులుకు అర్థమైంది. అర్థమయ్యే వెళ్లాడు. దొర వైపు చెక్కాడు, అవ్వ వైపు మెత్తాడు. గట్టు జానెడు నడిచింది.

"ఒరే ఓబులూ, నా మడి చిక్కిపోయిందిరా" అంది సుంకులమ్మ.

"మడి చిక్కడమేంది అవ్వా? నీ చూపు చిక్కింది."

రెండో ఏడూ అరుగు, రెండో ఏడూ మజ్జిగ. దొర వైపు చెక్కాడు, అవ్వ వైపు మెత్తాడు. గట్టు జానెడు నడిచింది.

"నిరుడు సరిపోయిన నారు ఈ ఏడు రెండు కట్టలు మిగిలిందేమిరా?"

"నారు బాగా మొలిచింది అవ్వా. సంతోషపడు."

మూడో ఏడూ అరుగు, మూడో ఏడూ మజ్జిగ. దొర వైపు చెక్కాడు, అవ్వ వైపు మెత్తాడు. గట్టు జానెడు నడిచింది. ఈసారి అవ్వ ఏమీ అడగలేదు. అతని చేతుల వంక చూసింది, అంతే. ఆ చూపు ఓబులుకు అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా గుర్తొచ్చేది. ఇక చెయ్యకూడదనుకునేవాడు. కానీ అరుగు మీది పిలుపు తలుచుకుంటే కాళ్లు వాటంతటవే అటు లాగేవి. ఏడాదికి ఆ ఒక్క పూటే కదా అతను మనిషి!

ఆ ఏడు కోతలయ్యాక ఊళ్లోకి ఒక బోధకుడు వచ్చాడు. గొడ్ల కొట్టం ఊడ్చి చాప పరిచాడు. అందరూ కూర్చున్నారు. ఓబులు అలవాటుగా గుంజ పక్కన నిలబడ్డాడు.

"కూర్చో నాయనా" అన్నాడు బోధకుడు. "ప్రభువు దగ్గర నిలబడే కూలివాళ్లు లేరు."

ఓబులు కూర్చున్నాడు. సిలువ సంగతి విన్నాడు. దొర అరుగు మీద కూర్చోవడానికి తాను ఏమిచ్చాడో తలుచుకున్నాడు. ఈ చాప మీద కూర్చోవడానికి ఎవరూ ఏమీ అడగలేదు. అడగకపోవడమే అతని గుండెను కోసింది. పిల్లవాడిలా ఏడ్చాడు.

కాలువలో బాప్తిస్మం పొందాడు. ఓబేదు అని పేరు పెట్టారు. "అంత మునిగీ పేరు సగమే మారిందేందిరా!" అని ఊరు నవ్వింది. అతనూ నవ్వాడు.

మళ్లీ తొలకరి వచ్చింది. దొర పిలిచాడు. "రారా, కూర్చో."

"వద్దు దొరా. నాకు కూర్చునే చోటు దొరికింది."

అనేశాక తెలిసింది, నోరూరలేదని, కాళ్లు లాగలేదని. తాడు తెంచుకున్న లేగలా సుంకులమ్మ ఇంటికి పరుగెత్తాడు. చేసిందంతా చెప్పాడు.

"అవ్వా, నా పాపం పోయింది. ప్రభువు తీసేశాడు."

అవ్వ ఆకు నములుతూ విన్నది. "మంచి మాట చెప్పినావు నాయనా. మరి నా మూడు జానలు ఎప్పుడొస్తాయి?"

ఓబులు తల దించుకున్నాడు. "వస్తాయి అవ్వా."

వాన తెరిపివ్వనీ అనుకున్నాడు. తెరిపిచ్చింది. కోతలు కానీ అనుకున్నాడు. అయ్యాయి. దొర కోపం చల్లారనీ అనుకున్నాడు. దొరల కోపం చల్లారడం ఎవరు చూశారు? ప్రతి ఆదివారం కొట్టంలో లేచి "నా పాపం పోయింది" అని సాక్ష్యం చెప్పాడు. అందరూ "స్తోత్రం" అన్నారు. గట్టు మాత్రం ఉన్నచోటే ఉంది. అవ్వ ఎవరికి చెప్పుకుంటుంది? ఆ ఊళ్లో దొరే పంచాయితీ.

అలా ఏడాది గడిచింది. మళ్లీ నాట్ల వేళకు, సుంకులమ్మ మంచం పట్టిందని, మూడు రోజులుగా గంజి కూడా దిగడం లేదని తెలిసింది. ఓబులు ఇక ఆగలేకపోయాడు. పార తీసుకున్నాడు.

ఈసారి అవ్వ వైపు చెక్కాడు, దొర వైపు మెత్తాడు. పక్క మడిలో నారు పీకుతున్న ఆడవాళ్లు చూశారు.

"ఏం ఓబులన్నా, గట్టును అత్తారింటికి పంపుతాండావా?"

"పుట్టింటికి పంపుతాన్నానమ్మా" అన్నాడు. నడుం ఎత్తి, అందరికీ వినపడేలా అరిచాడు. "వినండి! ఇది అవ్వ నేల. మూడేళ్లు, మూడు జానలు, ఈ చేతులతో నేనే దొంగిలించినా."

నవ్వులు ఆగిపోయాయి. దొర పరుగున వచ్చాడు.

"ఎవరు చెప్పార్రా నీకు గట్టు ముట్టుకోమని?"

"అప్పుడు ఎవరు చెప్పినారో చెప్పమంటావా దొరా?"

దొర చుట్టూ చూశాడు. నలభైమంది ఆడవాళ్లు నారు కట్టలు పట్టుకుని అలాగే నిలబడ్డారు. "వీడికి పిచ్చి ముదిరింది" అని గొణుక్కుంటూ దొర వెళ్లిపోయాడు. మళ్లీ ఆ గట్టు జోలికి రాలేదు.

ఓబులు ఒళ్లంతా బురదతోనే అవ్వ ఇంటికి పరుగెత్తాడు. గడపలో ఆమె కూతురు ఈరమ్మ కూర్చుని ఉంది.

"గట్టు వెనక్కి పోయింది, చెప్పమ్మా అవ్వకు!"

ఈరమ్మ అతని చేతుల బురద వంక చూసింది. "పొద్దున్నే పోయింది మామా. నిన్న చెప్పింటే విని పోయేది."

ఆ తర్వాత ఓబులు చాలా ఏళ్లు బతికాడు. దొర పని ఇవ్వలేదు, ఎవరినీ ఇవ్వనివ్వలేదు. అడవిలో కట్టెలు కొట్టుకుని బతికాడు. ప్రభువు క్షమించాడన్న సంగతి అతను ఎన్నడూ అనుమానించలేదు. కానీ సాక్ష్యానికి లేచినప్పుడు "నా పాపం పోయింది" అనడం మానేశాడు. "ప్రభువు ఒక్క పూటలో విడిపించాడు. నేనే ఏడాది ఆలస్యం చేసినా" అని కూర్చునేవాడు. దానికి స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తెలిసేది కాదు.

అతను పోయి ఎన్నేళ్లయిందో లెక్క లేదు. గొడ్ల కొట్టం ఉన్నచోట ఇప్పుడు మందిరం ఉంది. అక్కడ ఎవరైనా తన పాపం పోయిందని సాక్ష్యం చెప్పడానికి లేస్తే, వెనక వరసలోంచి ఏ ముసలమ్మో అడుగుతుంది: "గట్టు మీదికి పోయొచ్చినావా నాయనా?"

పోయిరానివాడు తల దించుకుంటాడు. అప్పుడు పాట ఆపేస్తారు, తలుపు తీస్తారు.

"పో, మనిషి ఉండగానే పో" అంటారు.