కొసరు పంచదార

ఇమ్మానుయేలు మాస్టారిది ఒకటే పద్ధతి: ఎవరేం అడిగినా జవాబు చెప్పరు, పని చెబుతారు. యానాంలో ఆయన దగ్గర బీరు కాయడం నేర్చుకునేవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. కుర్రతనంలో ఓడల మీద వంటవాడిగా తిరిగి, బెల్జియంలో పట్టుకొచ్చిన విద్య అది. ఆయన చేతి ఏల్ బీరు గ్లాసులో పోస్తే లవంగం, అరటిపండు కలిసిన వాసన గది నిండిపోతుంది.

మిఠాయికొట్టు సూరిబాబు ఆయన దగ్గర కొత్తగా చేరాడు. పాకాల్లో పండిపోయిన చెయ్యి కదా, తొలి కాపుకే శభాష్ అనిపించుకున్నాడు. కానీ దాన్ని సీసాలకెత్తే రోజున మనిషి మనిషిలో లేడు.

"మాస్టారండీ, ప్రేమ కూడా ఎక్కువైపోద్దాండి?" అని అడిగాడు.

తల్లి లేని పిల్ల లిఖిత, అతని ఒక్కగానొక్క కూతురు, కాకినాడలో నర్సింగు చదువుతోంది. ఆదివారం వచ్చిందంటే చాలు, ఇతగాడు కాజాల డబ్బాతో హాస్టలు గేటు దగ్గర హాజరు. పొద్దున ఫోను, సాయంత్రం ఫోను, ఎత్తకపోతే వార్డెనమ్మకి ఫోను. చివరికి ఆ పిల్ల ఏడుస్తూ అనేసింది: "ఇంకోసారి ఇలా వస్తే కిందికి దిగను నాన్నా. నాకు ఊపిరాడట్లేదు." పాపం, ఆ పూట సూరిబాబు అన్నం ముట్టలేదు.

మాస్టారు ఓదార్చలేదు. చేతికో చిన్న చెంచా ఇచ్చారు. "సీసాకి ఒక్క చెంచా పంచదార, అంచుకి సమంగా గీసి వెయ్యి. లోపలున్న ఈస్టు దాన్ని తిని గ్యాసు, నురగ పుట్టిస్తుంది. వేశాక మూత గట్టిగా బిగించు," అని, తను రెండు సీసాలు నింపి చూపించి లోపలికి వెళ్లారు.

సూరిబాబు గీసే వేశాడు. కానీ ఆ చెయ్యి ఊరుకుంటుందా! తూకం అయ్యాక కొసరు వెయ్యకుండా పొట్లం కట్టిన పాపాన పోలేదు వాళ్ల వంశంలో. తీపి ఎక్కువైతే ఎవరికి చేదు అనుకుంటూ ప్రతి సీసాకీ ఇంకో చెంచా వేసి మూత బిగించాడు. సీసాలన్నీ మూలగదిలో పెట్టి, గోనెలు కప్పి, తలుపేశారు.

రెండు ఆదివారాలు ఎలాగో మనసు చిక్కబట్టుకున్నాడు. మూడో ఆదివారం ఇక వల్లకాదని ముందురోజే కాజాలు సర్దుకుంటూంటే మాస్టారి దగ్గర్నుంచి కబురొచ్చింది. వెళ్లి మూలగదిలోకి తొంగిచూశాడు. సీసాలు పేలిపోయి, గోనెల కింద అన్నీ గాజు పెంకులే! నేలంతా జిగట. మాస్టారు నింపిన రెండూ మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

"ఎంత వేశావు?"

"కొసరండి..." సూరిబాబు తల దించుకున్నాడు. "నా చేత్తో పెట్టింది తక్కువైందని ఎవరూ అనకూడదనండి..." కళ్లలో నీళ్లు తిరిగాయి.

చీపురు మాస్టారే తెచ్చారు. ఇద్దరూ కలిసి పెంకులన్నీ ఎత్తిపోసి, నేల కడిగారు. అప్పుడాయన తన సీసా ఒకటి తీసి చెరో గ్లాసూ పోశారు.

సూరిబాబు తాగలేదు. గ్లాసు పట్టుకునే అడిగాడు: "అయితే రేపు కాకినాడ వెళ్లొద్దంటారా మాస్టారండీ?"

మాస్టారు మీసం మీది నురగ తుడుచుకున్నారు.

"పెళ్లి భోజనాల్లో ఎంత కొసరి వడ్డించినా ఏ ప్రమాదమూ రాదు, ఎందుకంటావు సూరిబాబూ? విస్తరికి మూత ఉండదు."