గొట్టం అతుక్కి ముహూర్తం

చింతలమెట్ట జమీందారుగారు ముచ్చటపడి మరుగుదొడ్డిలో గొలుసు లాగితే నీళ్లొచ్చే తొట్టి పెట్టించుకున్నారు. పట్టుమని పదిరోజులైనా కాకముందే, తొట్టికి నీళ్లు తెచ్చే గొట్టం అతుకు దగ్గర కారడం మొదలెట్టింది. ఆ చన్నీళ్లు సరిగ్గా కూర్చున్న దొరగారి నడినెత్తిన పడేవి.

కంచరి గవరయ్యకు కబురెళ్లింది. అతుకులో తోలుబిళ్ల చిరిగింది, అంతే. చిటికెలో పని. తీరా పనిముట్టు అందుకోబోతే ఆస్థాన సిద్ధాంతి అడ్డమొచ్చాడు.

"ఆగరా! ఇది శూన్యమాసం. ఇరవైరోజుల దాకా ఇక్కడ పనిముట్టు ఆడితే దొరగారికి గండం!"

గండం మాట వినగానే దొరగారు జంకారు. "పనిముట్టు ముట్టుకోకు. కానీ మళ్లీ నా నెత్తిన చుక్క పడిందో, నీకు ఊళ్లో చోటుండదు గవరయ్యా!"

గవరయ్య తల గోక్కున్నాడు.

"చిత్తం దొరా. పనిముట్టు లేకుండా అంటే బొటనవేలితో నొక్కి పట్టాల్సిందే. చెడు ఘడియలో నేను పట్టుకుంటే మాడిపోతాను. తట్టుకునే చెయ్యి సిద్ధాంతిగారిదొక్కటే."

దొరగారికి సబబుగానే తోచింది. సిద్ధాంతిని పీట ఎక్కించి వేలు పెట్టించారు. ధార ఆగింది. గవరయ్య గుమ్మం బయట చతికిలబడి తమలపాకుకు సున్నం రాయసాగాడు.

కాసేపటికి దొరగారు పొట్ట పట్టుకుని పరుగున వచ్చారు.

"సిద్ధాంతిగారూ, వేలు తియ్యకండి! నేను లోపలికొస్తున్నా."

లోపల్నించి కేక వినపడింది. "గవరయ్యా! అమృతఘడియ వచ్చేసింది! ఈ క్షణమే! పనిముట్లు పట్రా నాయనా!"

"ఇంకా ఇరవైరోజులుందనుకున్నానే, స్వామీ!" అంటూ గవరయ్య తీరిగ్గా ఆకు మడిచి నోట్లో పెట్టుకున్నాడు.