కేతు తిరిగి వచ్చిన పుస్తకం

రావిపాటి మాధవాచార్యులుగారు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కారు. మచిలీపట్నంలో ఆయన ఇంటి వసారాలో ఆదివారం పొద్దుట మేం కొందరం సాహిత్యం చదువుకోవడానికి చేరేవాళ్లం. ఎవరేం అడిగినా, ఊడిపోయిన పాత పుస్తకమేదో ముందు పెట్టుకుని దాని వీపుకి మైదా జిగురు రాస్తూ పూర్తిగా వినేవారు. చాలాసార్లు విని ఊరుకునేవారు.

ఒక ఆదివారం మృణాళిని కోపంగా వచ్చింది. ఆమె కాలేజీలో తెలుగు చెబుతుంది. కుర్రవాళ్లు చదివే పుస్తకాల మీద పత్రికకు సమీక్షలు రాస్తుంది. తను ఎంతో ఇష్టపడిన ఒక ఫాంటసీ నవలకు అప్పుడే రెండో భాగం వచ్చింది. అందులో రచయిత్రి, చదివేవాళ్లందరికీ ప్రాణమైన పాత్రను చంపేసింది. అది నమ్మకద్రోహమని మృణాళిని సమీక్ష రాసి తెచ్చి మాకు వినిపించింది. చివర ఆయన వైపు తిరిగి, “ఇన్నాళ్లు ఎదురుచూసిన పిల్లలు కోరింది ఇవ్వకపోతే, ఆ రెండో పుస్తకం ఎవరికోసం మాస్టారూ?” అని అడిగింది.

ఆచార్యులుగారు చెయ్యి తుడుచుకుని, తన స్నేహితుడి సంగతి చెప్పారు.

ఆయన పేరు కందాళ భూషణం. ఏలూరులో ఒక హైస్కూల్లో డ్రాయింగు మాస్టరు. ‘ఉప్పు గుర్రాలు’ అని ఒక నవల రాశాడు. ఇళ, కేతు అని అన్నాచెల్లెళ్లు. సముద్రంలోంచి లేచిన ఉప్పు గుర్రాలెక్కి నీటి అడుగున ఉన్న దేశానికి వెళతారు. ఆ దేశం నీళ్లు భూమిని ముంచెత్తకుండా ఎవరో ఒకరు లోపలి నుంచి తలుపు మూయాలి. కేతు మూస్తాడు, అక్కడే చనిపోతాడు. ఇళ ఒక గుర్రమెక్కి, ఖాళీగా ఉన్న రెండోదాన్ని పక్కన నడిపించుకుంటూ ఇంటికి వస్తుంది. అక్కడితో కథ అయిపోతుంది.

ఆ ఊళ్లోనే హిమజ అనే పిల్ల ఉండేది. ఇంటరు చదువుతోంది. అన్న డెంగీ జ్వరంతో పోయాడు. ఆ తర్వాత ఆ పిల్ల కాలేజీ మానేసింది, తల్లితో కూడా మాట్లాడటం మానేసింది. ఎవరో ‘ఉప్పు గుర్రాలు’ తెచ్చి ఇచ్చారు. చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. ఒక పొద్దున్న అన్న సైకిలు తనే బయటికి తీసి, గాలి కొట్టించుకుని కాలేజీకి వెళ్లింది. తల్లి భ్రమరాంబ ఆ పుస్తకం రాసినాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి, గుమ్మంలో నిలబడి ఏడ్చింది. తర్వాత కూతుర్ని కూడా తీసుకువెళ్లింది.

హిమజ ఎక్కువ మాట్లాడలేదట. వెళ్లేముందు మాత్రం, “రెండో భాగం రాయండి సార్. కేతుని తీసుకురండి,” అంది.

భూషణానికి రెండో భాగం రాసే ఉద్దేశం లేదు. చచ్చిపోయినవాణ్ని తేవద్దని భార్య చెప్పింది. ఆచార్యులుగారూ అదే చెప్పారట. కానీ ఆ పిల్ల అడిగాక ఆయనకు మరో ఆలోచన లేకపోయింది. బడి నుంచి రాగానే కూర్చుని రాసేవాడు. తలుపు తెరుచుకుంది, గుర్రం పైకి వచ్చింది, దాని మీద కేతు ఉన్నాడు. పుస్తకం వచ్చాక పిల్లలు పండగ చేసుకున్నారు. సభల్లో కేతు పేరు వినపడగానే చప్పట్లు కొట్టేవారు. మొదటి ప్రతి మాత్రం ఆయన స్వయంగా హిమజ చేతికి ఇచ్చి వచ్చాడు.

కొన్నాళ్లు ఆగి, ఎలా ఉందో అడుగుదామని వెళ్లాడు. భ్రమరాంబ కాఫీ ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది. హిమజ ఎదురుగా కూర్చుంది. బాగుందంది. అందరికీ నచ్చిందట కదా అంది. ఆయన ఇంకా ఆమె మొహమే చూస్తుండేసరికి, మెల్లగా చెప్పింది.

“మొదటి పుస్తకంలో ఇళ కూడా నాలాగే ఉండేది సార్. పొద్దున్నే లేవాలంటే తనని తలుచుకుని లేచేదాన్ని. ఇప్పుడు తనకి వాళ్లన్న వచ్చేశాడు. మీ తప్పేం లేదు, అడిగింది నేనే.”

రెండు పుస్తకాలూ తెచ్చి ఆయన పక్కన బల్ల మీద పెట్టింది. తీసుకువెళ్లమంది. ఆయన మొదటిదైనా ఉంచుకోమని బతిమాలాడు. అందులో తలుపు మూసుకున్న చోటు చదువుతున్నా, కేతు బతికే ఉన్నాడని తెలిసిపోతోందని, ఇక అది కూడా పనికిరాదని చెప్పింది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు లేవనీ, ఉంటే బాగుండేదనీ భూషణం తర్వాత ఆచార్యులుగారితో అన్నాడట.

అన్న సైకిలు మళ్లీ ఇంట్లో ఓ మూలకి చేరింది. హిమజ పరీక్షలకు వెళ్లలేదు. భ్రమరాంబ ఇల్లు ఖాళీ చేసి, కూతుర్ని తన పుట్టింటికి తీసుకుపోయింది. వాళ్ల సంగతి ఆ తర్వాత ఎవరికీ తెలియలేదు. భూషణం మూడో భాగం మొదలుపెట్టాడు. కేతుని మళ్లీ పంపించేస్తే ఇళ ఆ పిల్లకు తిరిగి దక్కుతుందేమోనని ఆశ. ఎన్నిసార్లు రాసినా ఆ తలుపు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడలేదు. మొదటిసారి కేతు తనంతట తాను వెళ్లాడు, ఇప్పుడు నేను తోయాల్సి వస్తోంది అనేవాడట. రాసిందంతా చింపేశాడు. బడిలో బొమ్మలు నేర్పుకుంటూ రిటైరయ్యాడు, ఇంకేమీ రాయకుండానే పోయాడు.

ఆచార్యులుగారు అంతవరకు చెప్పి, మళ్లీ జిగురు గిన్నె దగ్గరికి లాక్కున్నారు. మృణాళిని తన సమీక్ష కాగితాలు మడిచి ఒళ్లో పెట్టుకుంది. ఆ పిల్ల అడిగింది ఇవ్వడం భూషణంగారి పొరపాటేనా అని అడిగింది.

“ఆ పిల్ల అడిగింది కేతుని కాదమ్మా,” అన్నారు ఆచార్యులుగారు. “అది భూషణానికీ తెలుసు. కానీ ఆయన చేతిలో ఉన్నది కేతు ఒక్కడే.”